హెర్నియా అని చెప్పాను

ఫిబ్రవరి 3

కాగితం చెడ్డీ తొడుక్కుని ఫోటోలకి నిలబడ్డాను. ఇంతకు మించి ఈ పూట రాయలేను.

ఫిబ్రవరి 4

సరే, రాస్తాను. ఎవరితోనూ అనలేను, ఇక్కడన్నా కక్కేస్తే కడుపు ఖాళీ అవుతుంది. అసలు ఈ తతంగమంతా కడుపు ఖాళీ చేయించుకోవడానికేగా.

కాలీ పట్నంలో కొవ్వు తీసే ఆ క్లినిక్కు వెతికిపెట్టింది నోయెమీ అక్క. కూర్చునే హాల్లో అందరూ ఆడవాళ్ళే. ఒకావిడ నన్ను చూసి, జరిగి చోటిచ్చి, మీ ఆవిడ లోపలుందా అని అడిగింది. అవునన్నాను. పెళ్ళాం నన్నొదిలి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది, అయినా అవునన్నాను. కాసేపటికి నర్సు తలుపు దగ్గర నిలబడి, ఆర్బే కైసేదో, లైపో, అని హాలంతా వినపడేలా పిలిచింది. లేచి నడిచేటప్పుడు చోటిచ్చిన ఆవిడ మొహం వైపు చూడలేదు.

లోపల గోడకి ఆనించి నిలబెట్టారు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, చేతులెత్తి ఒకటి. ఫోటో తీసే పిల్లకి పాతికేళ్ళు కూడా ఉండవు. చాలా మర్యాదగా మాట్లాడింది. వెక్కిరించినా బాగుండేది. తర్వాత డాక్టరొచ్చి రెండు వేళ్ళ మధ్య నా పొట్ట పట్టి చూశాడు. నేను రోజూ జనం జుట్టు అలాగే పట్టి చూస్తాను, ఎంత తీయాలా అని.

తిరిగొచ్చేటప్పుడు కారులో అక్క అడిగింది, ఎందుకురా ఇదంతా, నీ వయసు నలభై ఏడు, నిన్నెవరు చూస్తారని. బీపీ కోసం అన్నాను. నమ్మినట్టే తలూపింది.

ఫిబ్రవరి 6

అసలు కారణం బీపీ కాదు, ఎవెరార్దో గారి మోచెయ్యి.

ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ప్రతి శనివారం వచ్చి నా కుర్చీలో కూర్చుంటారు. కుడి చెవి చుట్టూ కత్తిరించాలంటే నేను కుర్చీ మీదికి వంగాలి, వంగితే నా పొట్ట ఆయన మోచేతికి ఆనుతుంది. ఏళ్ళ తరబడి ఆనుతూనే ఉంది. మొన్న జనవరిలో ఒక శనివారం ఆయన చెయ్యి మెల్లగా దుప్పటి కిందికి లాక్కున్నారు. నోటితో మాత్రం రేడియోలో వస్తున్న ఫుట్‌బాల్ ఆట గురించే మాట్లాడుతున్నారు. ఊళ్ళో అందరూ నన్ను మొహం మీదే గుమ్మడీ అని పిలుస్తారు, నేనూ నవ్వుతూ పలుకుతాను. అదెప్పుడూ గుచ్చుకోలేదు. ఆ చెయ్యి లాక్కోవడం మాత్రం ప్రాణం తీసింది.

పొద్దస్తమానం అద్దం ముందు నిలబడే పని నాది. ఆ రోజు నుంచి అద్దంలో గిరాకీ తల కనపడటం మానేసి నా పొట్టే కనపడుతోంది.

ఫిబ్రవరి 8

అమ్మకి చెప్పాను. హెర్నియా అని.

ముందుగా అనుకున్నది కాదు. వంటింట్లో అరేపాలు, మొక్కజొన్న రొట్టెలు, కాలుస్తోంది, కాలీలో ఆపరేషన్ ఉందమ్మా అన్నాను, అట్లకాడ పట్టుకుని వెనక్కి తిరిగింది, దేనికి అంది. నోట్లోంచి అదే వచ్చింది. హెర్నియా మగవాడికి గౌరవంగా వచ్చే జబ్బు. బరువులెత్తిన వాళ్ళకొస్తుంది. నేను ఎత్తే బరువు దువ్వెన, అది వేరే సంగతి.

అమ్మ పొయ్యి ఆపి కూర్చుంది. ఎన్నాళ్ళ నుంచి దాచావు అంది. ఆ మాట దగ్గరే నిజం చెప్పేస్తే సరిపోయేది. కొన్నాళ్ళ నుంచి అన్నాను.

ఫిబ్రవరి 11

నిమ్మకాయంత అని చెప్పింది నేను. అమ్మ పక్కింట్లో కమలాపండంత అంది. ఈ రోజు మాంసం కొట్టు వాడు, బొప్పాయంత ఉందటగా గురూ, అంటూ చేతులతో చూపించాడు. అవునన్నాను. మరేం చేయను?

ఎల్విరా గారు కూడా వచ్చింది. మా చర్చిలో నజరేతు స్వామి స్వరూపానికి బట్టలు మార్చేదీ, దుమ్ము తుడిచేదీ, శిలువ మోయించి ఊరేగింపుకి సిద్ధం చేసేదీ ఆవిడే. బుధవారం ప్రార్థనలో నా పేరు చేర్చిందట. ఇరవై మంది ఆడవాళ్ళు నా బొప్పాయి కోసం జపమాల తిప్పుతున్నారు.

ఫిబ్రవరి 13

సిగరెట్టు మానమన్నారు, మానేశాను. ఆస్పిరిన్ వద్దన్నారు, సరే. అబద్ధం మానమని ఎవరూ అనలేదు.

ఫిబ్రవరి 16

రేపే. అమ్మ నా చొక్కా జేబులో స్వామి బొమ్మ పెట్టింది. నుదుటి మీద శిలువ గుర్తు వేసింది. తనూ వస్తానంటే అక్కా నేనూ కలిసి ఆపాం. అక్కడ ముసలివాళ్ళని లోపలికి రానివ్వరన్నాను. ఇది కూడా అబద్ధమే.

ఫిబ్రవరి 19

అక్క కారు వెనక సీట్లో దుప్పట్లేసి పడుకోబెట్టి తెచ్చింది. ప్రతి గతుకు దగ్గరా చచ్చి బతికాను.

పేరు ఫాహా. ఛాతీ నుంచి తొడల దాకా ఊపిరాడకుండా బిగించే తొడుగు, ముందు వైపు వరసగా కొక్కేలు. ఇది తొడుక్కునే పడుకోవాలి, ఇది తొడుక్కునే తినాలి. సూది పెట్టిన చిల్లుల్లోంచి నెత్తురు కలిసిన నీళ్ళు కారుతున్నాయి. అలా కారాలిట, మంచిదేనట. పరుపు మీద ప్లాస్టిక్ పరిచారు. ఆ మరకలు చూసి అమ్మ మొహం పాలిపోయింది. ఒక్క హెర్నియాకి ఇంత నెత్తురా అంది. అక్క నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఫిబ్రవరి 20

నొప్పి. కోడి సూపు. నొప్పి. బెల్లం నీళ్ళు. అమ్మ చెంచాతో తాగిస్తోంది, మూతి తుడుస్తోంది.

ఫిబ్రవరి 23

ఇది ముందు రాసుకోవాలి, లేకపోతే రేపటికి ఇంకోలా మార్చేసుకుంటాను.

మొదటిసారి స్నానానికి ఫాహా విప్పేటప్పుడు పక్కన ఒకరుండాలని క్లినిక్కులో చెప్పారు. ఒక్కసారిగా బిగువు వదిలితే కళ్ళు తిరుగుతాయట. అక్క పనుండి కాలీ వెళ్ళిపోయింది. అమ్మని పిలిస్తే ఒళ్ళు చూస్తుంది. అందుకని తలుపు గడియ పెట్టుకుని ఒక్కడినే కొక్కేలు విప్పాను. చివరి కొక్కెం విప్పడం గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి నేల మీదున్నాను. గడియ ఊడి వేలాడుతోంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి తలుపు ఎలా తోసిందో తెలియదు. నా తల ఒళ్ళో పెట్టుకుని, చెంపలు తడుతూ, స్వామితో మాట్లాడుతోంది. నాతో కాదు. నేను బట్టల్లేకుండా పడి ఉన్నాను. పొట్టా, నడుమూ, వీపూ అంతా ఊదారంగు, పచ్చరంగు. అమ్మ అదంతా చూసింది. చూసి, ఏం చేశారురా నిన్ను, అంది.

ఆ ఒక్క మాటకి ఏడుపొచ్చింది. నొప్పికనుకుంది.

ఫిబ్రవరి 24

మొక్కుకుందట.

పొద్దున సూపు తాగిస్తూ మామూలుగా చెప్పింది, ఉప్పు సరిపోయిందా అన్నట్టు. నువ్వు కళ్ళు తెరవకపోయేసరికి నజరేతు స్వామికి నా జడ ఇస్తానన్నానురా. అనగానే తెరిచావు.

చెంచా పక్కకి తోసి ఆ జడ వైపు చూశాను.

అమ్మ జడ గురించి నేను రాసుకోనక్కర్లేదు, ఊళ్ళో తెలియని వాళ్ళు లేరు. నడుము దాటుతుంది. ఈ వయసులో కూడా సగానికి పైగా నలుపే. రోజ్‌మేరీ ఆకు మరిగించిన నీళ్ళు తప్ప ఇంకేదీ తగలనివ్వదు. నగలు పెట్టుకోదు, మంచి బట్టలు కొనుక్కోదు, మొహానికి పౌడరన్నా రాయదు, కానీ ఎవరైనా ఫోటో తీస్తామంటే జడ ముందుకి వేసుకుంటుంది. వేసుకుని ఏమీ ఎరగనట్టు పక్కకి చూస్తుంది. ముప్పై ఏళ్ళుగా నేను ఊరందరి జుట్టూ కత్తిరిస్తున్నాను, ఒక్కసారి కూడా నా కుర్చీలో కూర్చోలేదు. నీ కత్తెర నా దరిదాపులకి రాకూడదు అనేది.

ఈ ఏడు స్వామి విగ్రహానికి కొత్త జుట్టు కావాలట, పాతది పురుగు పట్టిందట. మొక్కు తీర్చుకోడానికి సరిగ్గా సమయానికి వచ్చిందని అమ్మ సంతోషపడుతోంది. పవిత్ర బుధవారం ఊరేగింపు. అప్పటికి స్వామి తలకి పెట్టాలంటే మట్టల ఆదివారం లోపు ఇచ్చెయ్యాలట.

ఇంకా నెల పైనే ఉంది. చెబుతాను.

ఫిబ్రవరి 26

బాగా ఆలోచించాను. అమ్మ హెర్నియా కోసం మొక్కుకోలేదు. నేను కళ్ళు తెరవాలని మొక్కుకుంది. కళ్ళు తిరిగి పడిపోవడం నిజం, తెరవడం నిజం. కాబట్టి ఆ మొక్కులో అబద్ధమేమీ లేదు.

ఫిబ్రవరి 27

నిన్న రాసింది చదివాను. ఛీ.

మార్చి 2

మసాజు చేసేందుకు కాలీ నుంచి ఒకావిడ వస్తోంది. నీరు దిగడానికి. ఆవిడ చేతులు మెత్తగా ఉంటాయి, నొప్పి మాత్రం నరకం. నర్సు అని చెప్పాను అమ్మకి. ఈ రోజు ఆవిడ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి, మీ వాడికి నడుము చక్కగా వస్తోందమ్మా అని చెప్పింది. అమ్మ రెండు చేతులూ జోడించి కృతజ్ఞతలు చెప్పింది. అరటికాయలు కూడా ఇచ్చి పంపింది.

సాయంత్రం అక్కతో ఫోన్లో మొక్కు సంగతి చెప్పాను. నువ్వు చెబుతావా నన్ను చెప్పమంటావా అంది. నేనే చెబుతాను, నీకెందుకు అని విసుక్కున్నాను. జుట్టు కత్తిరించాక చెప్పడం కంటే ఇప్పుడే చెప్పడం తేలికరా అంది. ఆ మాత్రం తెలియక కాదు.

మార్చి 8

ఎల్విరా గారు టేపు తెచ్చుకుని జడ కొలిచింది. అమ్మ పెళ్ళికూతురిలా కూర్చుంది. ఇంత ఒత్తు ఎవరిదీ లేదు బెర్టిల్డా, స్వామి భుజాల దాకా వస్తుంది, ఊరేగింపులో గాలికి ఊగుతుంది చూడు, అంటోంది ఆవిడ. అమ్మ మొహం వెలిగిపోతోంది. నేను మంచం మీద నుంచి వింటున్నాను.

అమ్మా, ఒక మాట, అన్నాను. ఇద్దరూ నా వైపు తిరిగారు.

దాహమేస్తోంది అన్నాను.

మార్చి 10

రేపు.

మార్చి 14

సెలూను తెరిచాను. రెండు గంటల కంటే నిలబడలేకపోయాను, అయినా జనం వరస కట్టారు. హెర్నియా చూడ్డానికి వచ్చారు. అంటే అది లేకపోవడాన్ని చూడ్డానికి. చొక్కా కింద ఫాహా ఉంది, పొట్ట బల్లపరుపుగా ఉంది. అద్దంలో పక్కకి తిరిగి చూసుకున్నాను. బాగుంది. ఎందుకు అబద్ధం, చాలా బాగుంది.

ఎవెరార్దో గారు వచ్చారు. కూర్చోలేదు. టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, అందరి ముందూ, "ఆర్బే, నువ్వు మమ్మల్ని క్షమించాలయ్యా" అన్నారు. ఏమైందండీ అన్నాను.

"అదంతా జబ్బని మాకేం తెలుసు. గుమ్మడీ గుమ్మడీ అని నవ్వుకున్నాం. నువ్వు ఆ నొప్పి కడుపులో పెట్టుకుని మాకు క్షవరాలు చేశావు."

ఎదురు బెంచీ మీద కూర్చున్న వాళ్ళందరూ తలొంచుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పర్లేదండీ, మీకేం తెలుసు పాపం, అన్నాను. ఈ నోటితోనే అన్నాను. ఆయన్ని క్షమించేశాను.

కుర్చీలో కూర్చున్నాక మోచెయ్యి కుర్చీ చేతి మీద ధైర్యంగా పెట్టుకున్నారు. కుడి చెవి చుట్టూ కత్తిరించాను. ఏమీ ఆనలేదు. దేనికోసం ఇంత చేశానో అది దొరికింది, ఆ క్షణంలో నాకు ఎక్కడికన్నా పారిపోవాలనిపించింది.

మార్చి 19

అమ్మ నన్నే కత్తిరించమంటోంది.

నిన్ను కని పెంచి సెలూను పెట్టించి, నేను పరాయివాళ్ళ దగ్గరికి వెళ్ళాలా అంటోంది. ఎల్విరా గారి మేనకోడలు పట్నంలో నేర్చుకొచ్చింది, ఆ పిల్ల బాగా చేస్తుందన్నాను. అక్కర్లేదు, నీ ప్రాణం కోసం ఇచ్చేది నీ చేత్తోనే తీస్తే స్వామికీ బాగుంటుంది అంది. చేతులింకా పైకి లేవట్లేదమ్మా అన్నాను. మొన్న శనివారం ఎవెరార్దో గారికి ఎలా లేచాయి అంది.

మార్చి 22

ఈ రోజు నిజంగా చెప్పబోయాను. దేవుడి సాక్షిగా. వంటింట్లోకి వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చున్నాను. అమ్మ చిక్కుళ్ళు వలుస్తోంది. నేను కూడా రెండు వలిచాను. అమ్మా, నీకు బాధగా లేదా జడ తీసేస్తుంటే, అని మొదలుపెట్టాను. ఉంది అంటే వెంటనే చెప్పేద్దామని.

ఉందిరా, అంది.

చిక్కుళ్ళు వలుస్తూ కూర్చున్నాను. బాధ లేనిది ఇస్తే అది మొక్కెలా అవుతుంది, అని తనే అంది. తర్వాత పొయ్యి మీద అన్నం చూడ్డానికి లేచింది.

నేనిప్పుడు చెబితే ఏమవుతుంది? ఇరవై మంది ఆడవాళ్ళ జపమాలలు. ఎవెరార్దో గారి టోపీ. ఎల్విరా గారి టేపు. ఊరంతా పగలబడి నవ్వుతుంది, అమ్మ ఊళ్ళో తలెత్తుకోలేదు. కాబట్టి చెప్పకపోవడం అమ్మ పరువు కోసమే.

మార్చి 23

అమ్మ పరువు కోసమట.

మార్చి 26

ఫోన్లో అక్క ఏడ్చింది. నేను ఫోను పెట్టేశాను.

మార్చి 28

చేసేశాను.

మధ్యాహ్నం సెలూను షట్టరు సగం దించాను. అమ్మ తలంటుకుని, ఆరబెట్టుకుని, గట్టిగా అల్లుకుని వచ్చింది. ఆదివారం గౌను వేసుకుంది. కుర్చీ ఎత్తు తగ్గించాను, కాళ్ళు ఆనడం లేదని పీట వేశాను. మెడ చుట్టూ దుప్పటి కట్టాను. అద్దంలో ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. ఏంట్రా అలా చూస్తావు, కానివ్వు, అంది.

పైనా కిందా రిబ్బన్లు బిగించాను. కత్తెర పెట్టాను. ఒక్క దెబ్బకి తెగలేదు, అంత ఒత్తు. కరకరమంటూ నాలుగైదు సార్లు నొక్కాల్సి వచ్చింది. మధ్యలో ఆపి చెప్పెయ్యచ్చు, సగం తెగాక కూడా చెప్పెయ్యచ్చు అనుకుంటూనే నొక్కాను. ఆఖరి పోగు తెగాక జడ నా చేతిలో బరువుగా పడింది, వెచ్చగా ఉంది.

మెడ వెనక తెల్లటి చర్మం. ఎండ తగిలి ఎన్నేళ్ళయిందో. అక్కడ ఒక పుట్టుమచ్చ ఉంది, నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు రాయాల్సింది ఒకటుంది. అంచులు సరిచేయడానికి కుర్చీ మీదికి వంగాను. అమ్మ భుజానికి నా పొట్ట ఆనలేదు. ఆనలేదని నేను గమనించాను. గమనించి, అద్దంలోకి, నా నడుము వైపు చూసుకున్నాను. అమ్మ తల నా రెండు చేతుల మధ్య ఉండగా నేను చూసుకున్నది నన్ను. సంతోషంగా చూసుకున్నాను. ఒక్క క్షణమే, కానీ చూసుకున్నాను.

తేలిగ్గా ఉందిరా, అంది అమ్మ. చెయ్యి వెనక్కి పెట్టి జడ ముందుకి వేసుకోబోయింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత ఒళ్ళో పెట్టుకుంది.

మార్చి 29

మట్టల ఆదివారం. అమ్మ పూజకి రాలేదు. తలనొప్పిట. నాకు బుద్ధి తెలిశాక అమ్మ పూజ మానడం ఇదే.

మార్చి 30

రుమాలు కట్టుకుని తిరుగుతోంది. ఇంట్లో కూడా. బ్రెడ్డు కోసం నన్ను పంపింది. పక్కింటావిడ వస్తే లోపలికి వెళ్ళిపోయి, నిద్రపోతున్నానని చెప్పు అంది.

మధ్యాహ్నం వసారాలో కిటికీ అద్దంలో తన మొహం చూసుకుంటోంది. పక్కకి తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి. నన్ను చూసి రుమాలు సర్దుకుంది. "కోడిపుంజులా లేనూ" అంది.

ఆ పక్కకి తిరిగి చూసుకోవడం నాకు తెలుసు. ఈ ఊళ్ళో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

ఏప్రిల్ 1

ఊరేగింపుకి రమ్మంటే రానంది. నువ్వెళ్ళి చూసొచ్చి ఎలా ఉందో చెప్పు అంది.

వెళ్ళాను. చర్చి మెట్ల మీద నుంచి స్వామిని దించారు. ఊదారంగు అంగీ, భుజం మీద శిలువ, ఆ జుట్టు. ఎల్విరా గారన్నట్టే, మోసేవాళ్ళు అడుగు వేసినప్పుడల్లా ఊగుతోంది. ఆడవాళ్ళు వేలు పెట్టి చూపించుకుంటున్నారు, బెర్టిల్డాది, బెర్టిల్డాది అని. ఫాదరు మైకులో, కొడుకు ప్రాణం కోసం తన అందాన్ని ఇచ్చిన తల్లి అన్నారు. పక్కనున్న వాళ్ళు నా వీపు తట్టారు. కింద ఫాహా ఉంది కదా, ఏమీ తెలియలేదు.

సగంలో వచ్చేశాను. అమ్మ వంటింట్లో దీపం వేసుకుని కూర్చుంది.

"ఎలా ఉంది స్వామికి?"

"బాగుందమ్మా."

"జనం ఏమన్నారు?"

"నీ పేరే చెప్పుకుంటున్నారు."

కొంచెం నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇంక ఆగలేకపోయాను.

"అమ్మా, నాకు హెర్నియా లేదు."

"తీసేశారుగా."

"అసలెప్పుడూ లేదు. కొవ్వు తీయించుకున్నాను. పొట్టలోది."

నేను చెప్పింది అర్థం కానట్టు చూసింది. డాక్టరు ప్రమాదమన్నాడా అంది. లేదన్నాను. నొప్పిగా ఉండేదా అంది. లేదన్నాను.

"మరెందుకురా?"

"సిగ్గేసి."

సిగ్గేసి, అని తను కూడా ఒకసారి అంది, ఆ మాట ఎలా ఉంటుందో చూస్తున్నట్టు. రుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. తల నిమురుకుంది. దూరంగా ఊరేగింపు బాజా వీధి మలుపు తిరుగుతోంది.

స్వామికి రోజూ చెప్పుకున్నానురా, అంది. హెర్నియా అని, నా బిడ్డకి హెర్నియా అని, రోజూ మోకాళ్ళ మీద. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆ గుడి గుమ్మం తొక్కను?

అమ్మా అన్నాను. బాజా మా వీధిలోకి రాకుండా అటు నుంచి అటే పోయింది. అది పూర్తిగా వినపడకుండా పోయేదాకా కూర్చుని, అప్పుడంది.

"నాతో చెబితే నవ్వేదాన్నిరా. అంతేగా. కాసేపు నవ్వి ఊరుకునేదాన్ని."

లేచి దీపం ఆర్పి లోపలికి వెళ్ళింది.

ఏప్రిల్ 2

మాట్లాడలేదు. కంచం పెట్టింది.

ఏప్రిల్ 4

కంచం పెట్టింది.

ఏప్రిల్ 7

సెలూను తెరిచాను. ముగ్గురున్నారు బెంచీ మీద. మాంసం కొట్టు వాడు కుర్చీలో కూర్చుని, దుప్పటి కడుతుండగా, హెర్నియా కుట్లు మానాయా గురూ అన్నాడు.

"హెర్నియా కాదు. కొవ్వు. పొట్ట బాగోలేదని కాలీ వెళ్ళి తీయించుకున్నాను" అన్నాను. గట్టిగానే అన్నాను. మా ఇల్లు సెలూను వెనకే, మధ్యలో తెర ఒక్కటే అడ్డం.

అందరూ అద్దంలో నా పొట్ట వైపు చూశారు. తర్వాత మాంసం కొట్టు వాడి భుజాలు కదలడం మొదలుపెట్టాయి. బెంచీ మీద వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. ఒకడికి దగ్గొచ్చింది. ఎవెరార్దో గారికి ఎవరు చెబుతారని ఇంకొకడన్నాడు, మళ్ళీ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. నేను దువ్వెన పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి కళ్ళు తుడుచుకున్నారు. పక్కల కొంచెం పొట్టిగా కొట్టు, అన్నాడు వాడు. ఫుట్‌బాల్ మాటల్లో పడ్డారు.

అంతే. అయిపోయింది. ఇంతేనా అనిపించింది.

తెర అవతల అమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగింది. కత్తెర ఆపి విన్నాను. అక్కణ్ణుంచి కూడా ఒక నవ్వు వస్తుందేమోనని, చిన్నదైనా సరే, చాలాసేపు విన్నాను. రాలేదు. గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది. నేనూ కత్తిరించడం మొదలుపెట్టాను.